ఐసు ఫ్యాక్టరీ వంపులో గాజులు

వెంకటదుర్గకి అన్యాయం జరిగింది రెండువేల ఇరవైనాలుగు ఆగస్టు పదహారున. శ్రావణమాసం, రెండో శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం రోజు రాత్రి. ఊరు దాన్ని అన్యాయం అనలేదు. "దూకింది" అంది. అని చేతులు దులుపుకుని, ఆ దూకిందన్న చోటికి ఒక దెయ్యాన్ని కాపలా పెట్టింది.

తణుకు నుంచి భీమవరం వైపు కాలువగట్టు రోడ్డున పోతుంటే, మూతబడిన ఐసు ఫ్యాక్టరీ దగ్గర రోడ్డు గబుక్కున తిరుగుతుంది. అదీ ఆ చోటు. పగలు చూస్తే ఏముంది... గోడల నిండా పిచ్చిమొక్కలు, సున్నం రాలిన ఒక కల్వర్టు దిమ్మ, పక్కన కాలువ. పొద్దుగూకిందా, ఇక ఆ దారిన ఒంటరిగా బండి తోలేవాడు లేడు.

మేత లారీ డ్రైవరొకడు చెప్పాడట. పాలవ్యాను కుర్రాడూ చెప్పాడట. వంపు తిరుగుతుంటే గాజుల చప్పుడు వినిపిస్తుందని... అదీ ఎడమపక్క నుంచేనని... పక్కసీట్లో ఎవరో కూర్చుని చేతులు ముందుకి చాపినట్టు—గలగలమని. అంతే. నవ్వదు, ఏడవదు, పేరు పెట్టి పిలవదు.

మగాడు కాలువలో పడి చస్తే గట్టుకి రెయిలింగు వెయ్యమని అర్జీ పెడతారు. ఆడది పడి చస్తే దెయ్యమైందంటారు. రెయిలింగు ఖర్చు కలిసొస్తుంది కదా!

వెంకటదుర్గ రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేసేది. ఆ రాత్రి షెడ్డు వ్యాను తప్పిపోయింది. తెల్లారి శవం లాకుల దగ్గర తేలింది. చెప్పులు మాత్రం వంపు దగ్గర గట్టు మీద దొరికాయి, గుడి ముందు విడిచినట్టు పక్కపక్కన, పొందిగ్గా. ఆ చెప్పులే సాక్ష్యమైపోయాయి. మొగుడు నాలుగేళ్ళ పిల్లని చంకనేసుకుని తునిలో అక్కగారింటికి పోయాడు. "నిన్ను వద్దనుకుని దూకేసింది మీ అమ్మ" అని ఆ పిల్లకి అన్నంతోపాటు కలిపి పెడుతున్నారని తెలిసినవాళ్ళు చెప్పారు.

దూకలేదని తెలిసినవాళ్ళు భూమ్మీద ఇద్దరున్నారు. ఒకడు చేసినవాడు. రెండోది వీరవేణి.

---

వీరవేణికి తణుకులో సీటు కవర్ల షాపు ఉంది. కొలత, కత్తిరింపు, కుట్టు ఆవిడవి. గమ్ము పూసి లాగి బిగించడం మొగుడు ప్రసన్నకుమార్‌ది. షాపు గది చంద్రరావు గారిది. రొయ్యల మేత డీలరు ఆయన, పాతకార్ల పిచ్చి. ఎనభైల నాటి మీగడరంగు అంబాసిడర్ ఒకటి ఉంది ఆయనకి. పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళి, పెళ్ళికొడుకుని వెనక కూర్చోబెట్టి, జనం తననే చూస్తున్నారనుకుని మురిసిపోయే రకం.

దుర్గ పోయిన నాలుగో రోజున ఆ కారు షాపు ముందాగింది, ముందు బంపరు కొత్తగా మెరుస్తూ.

"డాష్‌బోర్డు పాడైపోయిందమ్మా వీరవేణీ. మంచి తొడుగొకటి వేసిపెట్టు."

నిజమే. పైనున్న రెగ్జిన్ ఎండకి బీటలు వారి, లోపలి స్పాంజి పొడి రాలుతోంది. ఎడమపక్క మాత్రం ఎండ చేసిన పని కాదు. లోపలికి అణిగిపోయి ఉంది, ఎవరో బలంగా గుద్దినట్టు.

"పాతది పీకేసి, కొత్త స్పాంజి పెట్టి వేస్తానండి. అప్పుడే నిలుస్తుంది."

"పీకొద్దు. పాతదాని మీదే వేసెయ్."

"ఏడాది తిరక్కుండా బుడగలొస్తాయండీ."

"ఏడాది తర్వాత సంగతి కదా? క్లాసిక్ కారమ్మా ఇది. పీకితే దాని షేపు పోద్ది." అని ఎదురుగా టీకొట్టుకి వెళ్ళి కూర్చున్నాడు, కన్ను ఇటే పెట్టి.

ప్రసన్నకుమార్ గమ్ము డబ్బా కోసం బజారుకి పోయాడు. వీరవేణి కాగితం పరిచి కొలత తీసుకుంటోంది. చీలికలోకి వేలు పోనిచ్చింది, ఎంత లోతుందో చూద్దామని.

చురుక్కుమంది.

వేలు బయటికి తీస్తే నెత్తురు చుక్క. ఆ చుక్క పక్కనే, వెలుగులో తళుక్కుమంటూ పచ్చటి గాజుముక్క. దాని మీద బంగారు చుక్కలు. చీలిక విప్పి చూసింది... ఇంకోటి. ఇంకోటి. వాటి మధ్యన చిక్కుకుని ఒక పొడుగాటి వెంట్రుక, కొసన పసుపు నూనె వాసనతో.

చంద్రరావు గారి భార్య చేతులకి బంగారం తప్ప మట్టిగాజు ఎక్కదు.

నాలుగు రోజుల కిందట లాకుల గట్టున అందరితోపాటు వీరవేణీ నిలబడింది. దుర్గది తమ ఊరే, తమ వీధే. వ్రతం రోజు పొద్దున ఇదే పచ్చగాజులు నిండుగా వేసుకుని, తాంబూలం కోసం గుమ్మంలోకి వచ్చి నవ్విన పిల్ల. గట్టున పడుకోబెట్టినప్పుడు ఆ చేతులు బోడిగా ఉన్నాయి. మణికట్ల మీద గాట్లు. "చేపలు కొరికుంటాయి" అన్నారెవరో. తల ఊపినవాళ్ళలో వీరవేణి తల కూడా ఉంది.

ఇప్పుడు అర్థమైంది. వ్యాను తప్పిన పిల్లని కారెక్కించుకున్నాడు. తాగి ఉంటాడు, వంపు తిప్పలేక కల్వర్టు దిమ్మకి కొట్టాడు. పాతకారుకి బెల్టెక్కడిది? ముందుకి తూలి, రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. తర్వాత... చెప్పులు గట్టు మీద పొందిగ్గా సర్దింది ఆ పిల్ల కాదు.

టీకొట్టు దగ్గర్నుంచి చంద్రరావు చూస్తున్నాడు. గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది.

వీరవేణి ఏం చేసిందంటారా? అందరూ చేసేదే చేసింది. కళ్ళు దించుకుంది. షాపు అద్దె గుర్తొచ్చింది, ఆయన పంపే పెళ్ళికార్ల పని గుర్తొచ్చింది, తమకున్న ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. దుర్గకున్న పిల్ల గుర్తురాలేదు. తన కడుపు కూడు అడ్డమొస్తే పరాయి బిడ్డ ఎంత చిన్నగా కనిపిస్తుందో!

పైకి అందిన ముక్కలు ఏరింది. ముత్తయిదువ చేతి గాజులవి. చిట్లిన గాజుల్ని చెత్తలో వెయ్యకూడదు, నలుగురూ తొక్కే చోట పడకూడదు, పారే నీళ్ళకి అప్పగించాలి. వాళ్ళమ్మ నేర్పింది, వాళ్ళమ్మకి వాళ్ళమ్మ నేర్పింది. గుడ్డలో మూటకట్టి బొడ్లో దోపుకుంది. లోపలికి దిగినవి చేతికి రాలేదు. వాటి మీదే, ఆ వెంట్రుక మీదే గమ్ము పూసి, తొడుగు లాగి, అంచులు లోపలికి నొక్కేసింది.

ఒక్క ముడత పడలేదు. ఆవిడ చేత్తో అంత నున్నగా వచ్చిన పని ఇంకోటి లేదు.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ వంపు దగ్గర బండాపించి, మూట కాలువలో వదిలి దణ్ణం పెట్టుకుంది. బుడుంగుమన్నాక గానీ తట్టలేదు—తను నీళ్ళపాలు చేసింది దుర్గ గాజుల్ని కాదు, దుర్గ తరఫున మిగిలిన సాక్ష్యాన్నని. అదీ ఎంతో భక్తిగా!

---

తర్వాత ఆ దారి వీరవేణికి నరకమైంది.

చలికాలంలో ఒక రాత్రి మొగుడి వెనక కూర్చుని వంపు తిరుగుతుంటే వినిపించింది. ఎడమపక్క నుంచి... గలగల.

"విన్నారా?" గొణిగింది.

"నీ గాజులేనే బాబూ. చేతులూపకు."

తన గాజుల్ని తనే గట్టిగా పట్టుకుంది, ఈ చేతివి ఆ చేత్తో, ఆ చేతివి ఈ చేత్తో. ఊపిరి బిగబట్టింది.

గలగల... ఆగలేదు.

ఆ తర్వాత ఆవిడ అన్నం తిన్నా గాజుముక్క నమిలినట్టే ఉండేది. దుర్గ తల్లి సుబ్బాయమ్మ వీధిలో ఎదురైతే పక్కసందులోకి తిరిగిపోయేది. ఆ ముసలమ్మ పాపం, "వేణమ్మా, ఒంట్లో బాలేదా?" అని వెనక నుంచి అడిగేది.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. మే నెల మొదటి శుక్రవారం, షాపు మూసే వేళకి మీగడరంగు అంబాసిడర్ వచ్చి ఆగింది. తొడుగు బుడగలెత్తి ఉంది, ఎడమపక్కనే.

"బండి రాజమండ్రి పార్టీకి అమ్మేశానమ్మా. వాళ్ళకి చెక్క ఫినిషింగు కావాలంట. రేపు పొద్దున్నే వస్తాను. మొత్తం డాష్‌బోర్డు ఊడదీసెయ్యండి. పాతది ఇక్కడే, నా ఎదురుగా తగలబెట్టేద్దాం."

"పాత ఇనప సామాను వాడికిస్తే నాలుగు డబ్బులొస్తాయి కదండీ?" అన్నాడు ప్రసన్నకుమార్ అమాయకంగా.

"తగలబెట్టమన్నాను కదయ్యా." గొంతు పెరగలేదు. చూపు మాత్రం వీరవేణి మీద ఆగింది. "మీ ఆవిడకి తెలుసులే పని."

తెలుసు. ఆయనకి తెలుసని ఆవిడకి తెలుసు. కారు లోపల పెట్టి షట్టరు దించారు. తెల్లారితే వెంకటదుర్గ బూడిద. ఇక ఆ పిల్ల తునిలో తల్లిని తిట్టుకుంటూ పెరిగి పెద్దదవుతుంది.

---

బండి మీద ఇంటికి బయల్దేరారు. మబ్బుకి చంద్రుడు కనపడలేదు. కాలువలు కట్టేశారు గనక గట్టు వెంట నీటి చప్పుడు కూడా లేదు. నీళ్ళు లేని కాలువ రాత్రిపూట నోరు తెరిచి పడుకున్నట్టుంటుంది.

"ఏంటే, షాపు నుంచి మాటా పలుకూ లేదు? దెయ్యమేమైనా పట్టిందా?" ప్రసన్నకుమార్ నవ్వాడు. "ఈ వంపు దగ్గర నన్ను చూసి అదే పారిపోవాలి. గమ్ము కంపు కొడుతున్నాను."

ఐసు ఫ్యాక్టరీ గోడ వచ్చింది.

గల్... గల్... గలగల.

బండి చప్పుడు మించి వినిపించింది ఈసారి. ప్రసన్నకుమార్ నవ్వు మధ్యలో తెగిపోయింది.

"ఏమే... నీ గాజులేనా?"

"నేను గాజులు తీసేసి నెలయింది. వాచీ ఒకటే ఉంది చేతికి."

బ్రేకు వేశాడు. చక్రం ఇసకలో జారి బండి పక్కకి ఒరిగింది, ఇంజను ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో—

గల్... గల్.

కింద నుంచి. కాలువ లోపల నుంచి.

చూశారు. నీళ్ళుండాల్సిన చోట, బురదలో, ఒక చిన్న వెలుగు. వెలుగు పక్కన గొంతుక్కూర్చుని ఒక ఆడమనిషి ఆకారం. జుట్టు ముఖం మీదికి వేలాడుతోంది. రెండు చేతులూ మోచేతుల దాకా బురదలో దించి, తీసి, దేన్నో దులుపుతోంది... గల్. మళ్ళీ దించుతోంది.

ప్రసన్నకుమార్ ఆంజనేయ దండకం ఎత్తుకున్నాడు. రెండో పాదం గుర్తురాలేదు. మొదటి పాదమే మళ్ళీ మళ్ళీ చదువుతూ, "వేణీ... వెనక్కి చూడకు... ఎక్కు... ఎక్కవే..." అని గుసగుసగా ఏడుస్తున్నాడు.

వీరవేణి ఎక్కలేదు.

ఇన్నాళ్ళూ ఆవిడ భయపడింది దెయ్యం కనిపిస్తుందని కాదు. కనిపించకుండానే వదిలేస్తుందని. వచ్చింది... నాకోసమే వచ్చింది... తెల్లారితే తగలబెడతారని దానికి తెలిసిపోయింది, అనుకుంది. చెప్పులు విడిచింది. గట్టు వాలున గడ్డి పట్టుకుని దిగింది. పాదం బురదలో కూరుకుపోయింది, చల్లగా, జిగురుగా.

"దుర్గా..."

ఆకారం కదలడం మానేసింది.

"దుర్గా, నేనే... వీరవేణినే. నీ గాజులన్నీ ఇక్కడ దొరకవే. ఇక్కడ చిట్లలేదు అవి. చంద్రరావు కారులో చిట్లాయి. డాష్‌బోర్డులో ఉన్నాయి. నేను చూశాను... అందినవి ఏరి ఈ కాలువలో వదిలేశాను, అందనివి కప్పేశాను. పాతదాని మీదే వెయ్యమన్నాడు, వేసేశాను. నువ్వు దూకలేదని నాకు తెలుసే. అందరూ దూకిందంటుంటే నోరు మూసుకున్నాను. నన్నేం చేసినా చెయ్యి... నా పిల్లల జోలికి మాత్రం రాకు తల్లీ..."

ఆకారం లేచింది. మెల్లగా, మోకాళ్ళు పట్టుకుని, ఒక్కో చెయ్యీ ఆనించుకుంటూ లేచింది.

దెయ్యానికి మోకాళ్ళ నొప్పులేంటి?

వెలుగు పైకి లేచి వీరవేణి మొహాన పడింది. డబ్బా ఫోను టార్చి. దాని వెనక నుంచి ఒక ముసలి గొంతు, ఎంత నెమ్మదిగా అడిగిందంటే—

"ఏ కారు, వేణమ్మా?"

సుబ్బాయమ్మ.

దెయ్యానికి చెప్పుకున్నది తల్లికి చేరిపోయింది. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు.

ముసలమ్మ కాళ్ళ దగ్గర ఒక ప్లాస్టిక్ బకెట్టు. అందులో సగందాకా గాజుముక్కలు. ఎరుపు, పచ్చ, పసుపు, నీలం, తెలుపు. ఊళ్ళో ఆడాళ్ళందరూ ఏళ్ళ తరబడి కాలువకి అప్పగించినవి. ముక్క తీసి బురద దులిపి వెలుగులో చూడడం, బకెట్లో వెయ్యడం... గల్.

"నీళ్ళలో దూకితే నీళ్ళు గాజులు పగలగొడతాయా అమ్మా? నా బుర్రకి ఇదొక్కటే తట్టింది," అంది సుబ్బాయమ్మ. "పగిలితే ఇక్కడే పగలాలి కదా, ముక్కలుండాలి కదా అని ఎతుకుతున్నాను. పచ్చవి బోలెడు దొరికాయి. దానివో, ఎవరివో... నాకేం తెలుత్తాది? ఎవుర్నడిగినా పిచ్చిదన్నారు." బురద చేత్తోనే వీరవేణి చెయ్యి పట్టుకుంది. కొట్టలేదు, తిట్టలేదు. కొడితే బావుండునని వీరవేణి ప్రాణం కొట్టుకుంది. "నువ్వు చూశావా? నీ కళ్ళతో?"

"చూశాను పిన్నీ."

"ఆ కారెక్కడుంది?"

"మా షాపులో. తెల్లారితే తగలబెడతారు."

"మరి తెల్లారేదాకా ఇక్కడ నిలబడతావేంటే?"

గట్టు మీద ప్రసన్నకుమార్ అంతా విన్నాడు. దండకం ఎప్పుడో ఆగిపోయింది. ఇద్దరాడాళ్ళూ బురద ఓడుతూ పైకొస్తుంటే గొంతు తగ్గించి, "షాపు పోద్దే..." అన్నాడు.

"పోనీండి."

"పిల్లల ఫీజులు..."

"దుర్గ పిల్లకి అమ్మే పోయిందండీ. అమ్మ పేరు కూడా పోయింది. దాన్ని పోగొట్టినవాళ్ళలో నేనొకత్తిని. మీరు రాకపోతే నడిచెళ్తాం."

ఆయన ఒరిగిన బండిని లేపి నిలబెట్టాడు. తర్వాత కిక్కు కొట్టాడు. అంత భయస్తుడి జీవితంలో ధైర్యం ఎంతుందో తెలీదు గానీ, ఉన్నదంతా ఆ ఒక్క కిక్కులో ఖర్చుపెట్టాడు.

ముగ్గురూ ఒకే బండి మీద తణుకు వైపు తిరిగారు. మధ్యలో సుబ్బాయమ్మ, ఒళ్ళో బకెట్టు. కొంతదూరం పోయాక ప్రసన్నకుమార్‌కి ఊపిరి కుదుటపడింది. నవ్వబోయాడు కూడా.

"చంపేశావు కదా పిన్నీ! చలికాలం నుంచీ ఈ దారిన పోయే బళ్ళన్నిటినీ గాజులతో హడలగొడుతున్నది నువ్వేనన్నమాట!"

"చలికాలమేంటి నాయనా?" అంది సుబ్బాయమ్మ. "నిండు కాలవలోకి నేనెలా దిగుతాను? నీళ్ళు కట్టేసినాకే కదా వచ్చాను. నాలుగు రోజులయ్యింది, అంతే."

బండి వేగం పెరిగింది.

స్టేషన్‌కి పోయి లేపితే ఎస్సై నిద్రమొహంతో షాపుకొచ్చాడు, నమ్మకం లేకుండానే. వీరవేణి తనే కత్తి తీసుకుని తను వేసిన తొడుగుని తనే కోసింది. కానిస్టేబులు ఫోన్లో వీడియో తీస్తున్నాడు. కింద పాత రెగ్జిన్ చీలిక, చీలికలో పచ్చటి ముక్కలు, గమ్ములో అతుక్కుపోయిన వెంట్రుక.

"ఇన్నాళ్ళ తర్వాత గాజుముక్కలు ఏం చెప్తాయమ్మా?" అన్నాడు ఎస్సై.

"అవి ఎందుకు చెప్తాయండీ? చెప్పాల్సింది నేను. రాసుకోండి."

"సాక్ష్యం దాచినందుకు మీ మీద కూడా కేసవుద్ది."

"అదీ రాయండి."

సుబ్బాయమ్మ కారు తలుపు పట్టుకుని నిలబడింది. లోపలికి తొంగిచూసింది. ఎడమసీటు మీద అరచెయ్యి ఆనించి, ఒంటిమీద దుప్పటి సర్దినట్టు, రెండుసార్లు నిమిరింది. అంతే.

తెల్లారి ఆరింటికి చంద్రరావు చేతిలో కిరసనాయిలు సీసాతో వచ్చాడు. షాపు ముందు జీపు చూసి టీకొట్టు దగ్గరే ఆగిపోయాడు. ఈసారి చూస్తూ కూర్చున్నది వీరవేణి.

స్టేషన్లో "ఆత్మహత్య" అన్న మాట కొట్టేసి, పక్కన "అనుమానాస్పద మృతి, పునర్విచారణ" అని రాశారు. కింద ఎస్సై సంతకం. దాని కింద వీరవేణి సంతకం, సుబ్బాయమ్మ బురద వదలని వేలిముద్ర. తేదీ: 3-5-2025, శనివారం.